భీమవరం వదలకుండా ఐటీలోకి వెళ్ళాలంటే ఇంటర్న్‌షిప్ ఎవరిని అడగాలి?

మీరు రాసినదాన్ని బట్టి మీ పరిస్థితి ఇది. బీకాం చదివారు. భీమవరం దగ్గర రొయ్యల మేత డీలర్ షాపులో ఎనిమిదేళ్ళుగా లెక్కలు చూస్తున్నారు. వయసు 31. పాప పడుకున్నాక కూర్చుని కోడు రాయడానికి పైథాన్, డేటాబేస్ పనికి ఎస్‌క్యూఎల్ నేర్చుకున్నారు. మామగారికి ఒంట్లో బాగుండదు కాబట్టి హైదరాబాద్ ఇప్పట్లో కుదరదు. ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు 40 వేలు కడితే ఆరు నెలల ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామన్నారు. అది కట్టాలా, లేక మన గోదావరి జిల్లాల్లోనే నిజమైన ఇంటర్న్‌షిప్ దొరికే దారి ఉందా అని అడిగారు.

కట్టకండమ్మా. ఆ మాట ముందు చెప్పేస్తే మిగతాది నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

నేను ఈ జిల్లాల్లో రైసు మిల్లులకి, నర్సింగ్ హోములకి బిల్లింగ్, స్టాకు సాఫ్ట్‌వేర్లు పెట్టే పనిలో చాలా కాలంగా ఉన్నాను. మా దగ్గర పని నేర్చుకుంటామని వచ్చేవాళ్ళతో మాట్లాడేదీ, తర్వాత వాళ్ళ పని చూసేదీ నేనే. కాబట్టి బల్లకి అటువైపు కూర్చునేవాళ్ళు ఏం చూస్తారో నాకు తెలుసు.

మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఇంజనీరింగ్ పిల్లలకీ ఇంటర్న్‌షిప్ క్రెడిట్లు ఉన్నాయి. ఉద్దేశం మంచిదే. కానీ కాకినాడ నుంచి నరసాపురం దాకా ఉన్న కాలేజీల పిల్లలందరికీ పని చూపించేటన్ని సాఫ్ట్‌వేర్ ఆఫీసులు మన దగ్గర లేవు. ఆ ఖాళీలోకి సర్టిఫికెట్లు అమ్మేవాళ్ళు దూరారు. ఒకే ప్రాజెక్టు, ఒకే రిపోర్టు, పేరు మాత్రం మారుతుంది. ఉద్యోగం ఇచ్చేవాళ్ళకి ఇవి చూసీ చూసీ అలవాటైపోయింది, చూడగానే పక్కన పెడతారు. నా ముందుకి అలాంటి కాగితం వస్తే నేను అడిగేది ఒకటే: మీరు చేసిన పనిలో ఏది తప్పుపోయింది, ఆ తప్పు మీకు ఎవరు చూపించారు? నిజంగా పని చేసినవాళ్ళు దీనికి అరగంట చెబుతారు. డబ్బు కట్టి కాగితం తెచ్చుకున్నవాళ్ళ దగ్గర మాట ఉండదు.

అదే సెంటర్ వాళ్ళు రేపు "రెండేళ్ళ ఎక్స్‌పీరియెన్స్ లెటర్ కూడా ఇప్పిస్తాం" అనవచ్చు. ఆ పక్కకి అసలు వెళ్ళకండి. మీకు పీఎఫ్ ఉంటే, మీరు ఎక్కడ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పని చేశారో మీ పీఎఫ్ నంబరు (యూఏఎన్) కింద సర్వీస్ హిస్టరీలో ఉంటుంది. పెద్ద కంపెనీల వెరిఫికేషన్‌లో అది చూస్తారు. మేత షాపులో ఉన్న రోజుల్లోనే మరో ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా చేశానని చూపిస్తే చేతికొచ్చిన ఉద్యోగం కూడా పోతుంది.

ఇక అసలు విషయం. చాలామంది "ఐటీ కంపెనీ" అని బోర్డు ఉన్నచోటు కోసం వెతుకుతారు, భీమవరంలోనో అమలాపురంలోనో అలాంటి బోర్డులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే కనిపించి నిరాశ పడిపోతారు. మీరు వెతకాల్సింది బోర్డుని కాదు, మనిషిని. మీరు రాసిన కోడు వారానికి ఒక్కసారైనా కూర్చుని చదివి, ఇక్కడ తప్పు ఉంది, ఇది ఇలా రాయకూడదు అని చెప్పే మనిషి. అలాంటి ఒక్కరున్న చోట రెండు గదుల ఆఫీసైనా అది ఇంటర్న్‌షిప్పే. ఆ మనిషి లేనిచోట అద్దాల బిల్డింగైనా అది ఊరికే చేసిపెట్టే చాకిరీ.

అలాంటివాళ్ళు మీకోసం టైం ఎందుకు ఇవ్వాలి? దగ్గరికి వెళ్ళినప్పుడు మీ చేతిలో చూపించడానికి ఒకటి ఉండాలి. దాన్ని మీ షాపులోనే తయారు చేయొచ్చు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, మీ విషయంలో మందు ఆ పెరట్లోనే ఉంది.

మేత షాపు లెక్కల్లో ఉన్న చిక్కు నాకు కొంత తెలుసు. మీకు ఇంకా బాగా తెలుసు. రైతు మేత అప్పు మీద పట్టుకెళ్తాడు, చెరువులో రొయ్యలు పట్టేశాక, అంటే పట్టుబడి అయ్యాక, కడతాడు. అకౌంటింగ్ ప్యాకేజీలో బాకీల రిపోర్టు తీస్తే 30 రోజులు, 60 రోజులు, 90 రోజులు అని బిల్లు తేదీ ప్రకారం వస్తుంది. మీ యజమానికి ఆ రిపోర్టుతో పెద్దగా పని లేదు. ఆయన తెలుసుకోవాలనుకునేది వేరు. ఈ బాకీ ఉన్న రైతు చెరువు ఎన్ని రోజుల వయసులో ఉంది, ఇంకెన్నాళ్ళకి పట్టుబడికి వస్తుంది? వనామీ రకం రొయ్య అయితే మామూలుగా మూడు నాలుగు నెలల్లో పట్టేస్తారు. సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన తేదీ మీ దగ్గర ఎక్కడో నోటుబుక్కులో ఉంటుంది, బిల్లింగ్‌లో మాత్రం ఉండదు. అక్కడ మొదలుపెట్టండి.

ఎక్సెల్‌లో కాదు, డేటాబేస్‌లో చేయండి. రైతులు ఒక టేబుల్, చెరువులు ఒక టేబుల్, ఒక్కో చెరువులో వేసిన పంటలు ఒకటి, ఇచ్చిన మేత ఒకటి, వచ్చిన జమలు ఒకటి. చేస్తుంటే మీకే తెలుస్తుంది: బిల్లు రైతు పేరు మీద ఉంటుంది, పట్టుబడి చెరువు మీద ఉంటుంది, జమ ఏ చెరువుదో ఎవరూ రాయరు. ఉండి ఊళ్ళో రెండు చెరువులు, కాళ్ళ ఊళ్ళో ఒకటి ఉన్న రైతు లక్ష కడితే అది దేనికింద వేయాలి? ఈ ప్రశ్నకి మీరు ఎంచుకున్న జవాబే మీ ప్రాజెక్టుకి ప్రాణం. రేపు ఇంటర్వ్యూలో గంటసేపు దీని మీదే మాట్లాడగలరు. ఆన్‌లైన్ కోర్సులో ఇచ్చే సినిమా టికెట్ల ప్రాజెక్టు మీద అలా మాట్లాడలేరు, అది అందరి దగ్గరా ఉంటుంది.

తర్వాత పేర్ల గొడవ. ఒకే మనిషి ఒక బిల్లులో సత్యనారాయణ, ఇంకోదాంట్లో సత్తిబాబు, మరోదాంట్లో ఇంటిపేరు మొదటి అక్షరంతో ఇంగ్లీషులో. వీటిని కలపడానికి మీరు రాసే పది లైన్ల కోడు, ఆ పది లైన్లు ఎక్కడ పప్పులో కాలేస్తాయో మీకున్న ఎరుక, ఈ రెండూ ఏ డేటా ఉద్యోగంలోనైనా రోజూ పనికొస్తాయి.

ఇంకొక్క మెట్టు ఎక్కగలిగితే మేత, రొయ్య నిష్పత్తి కూడా వేయండి. ఆ నిష్పత్తి (ఎఫ్‌సీఆర్) 1.5 అనుకుంటే టన్ను రొయ్యకి టన్నున్నర మేత, అంటే 25 కిలోల బస్తాలు 60. చెరువు విస్తీర్ణం, వయసు తెలిస్తే ఈపాటికి ఎన్ని బస్తాలు పోయి ఉండాలో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మీ షాపు నుంచి అందులో సగమే వెళ్ళిందంటే ఆ రైతు మిగతాది వేరే చోట తీసుకుంటున్నాడన్నమాట, లేకపోతే చెరువులో ఏదో తేడా ఉంది. ఈ ఒక్క రిపోర్టు చూపిస్తే మీ యజమాని కుర్చీలో ముందుకి జరిగి కూర్చుంటారు.

ఒక జాగ్రత్త. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బాకీలు షాపు దాటి బయటికి వెళ్ళకూడదు. నలుగురూ చూసేలా కోడు పెట్టే గిట్‌హబ్ సైటులో పెట్టేటప్పుడు కల్పించిన పేర్లు, మార్చిన అంకెలతో పెట్టండి. ఆ పని చేసే ముందు యజమాని అనుమతి నోటిమాటగా కాకుండా మెసేజ్‌లో తీసుకోండి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, ఈ జాగ్రత్త మీకు తెలుసని చూపించడం కూడా మీకు మేలే చేస్తుంది. ఇంకా ముఖ్యంగా, ఎవరికెంత అప్పుందో నలుగురికీ తెలిస్తే ఆ రైతు పరువు పోతుంది.

ఇది చేతిలో ఉన్నాక ఎవరిని అడగాలి? మొదట మీ షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్ళని. ప్రతి ఊళ్ళోనూ ట్యాలీ పార్ట్‌నర్లో, సొంత ప్యాకేజీ రాసి అమ్మేవాళ్ళో ఉంటారు. వీళ్ళకి కోడు రాసే కుర్రాళ్ళు దొరుకుతారు. ఫోన్లో అవతల అకౌంటెంట్ ఏం చెబుతున్నాడో అర్థం చేసుకునేవాళ్ళు దొరకరు. అమ్మకాలు 5 కోట్లు దాటిన వ్యాపారాలకి 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి అయింది. మేత మీద జీఎస్టీ లేదు గానీ, మీ షాపులో అమ్మే, చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ సామానుకి ఉంది. ఏ సరుకుకి ఎలాంటి బిల్లు అన్నది మీకు కొట్టిన పిండి. సాఫ్ట్‌వేర్ వాళ్ళు మాత్రం అది ప్రతిసారీ ఎవరో ఒకరిని అడగాల్సి వస్తుంది. కొన్నవాళ్ళ దగ్గర సాఫ్ట్‌వేర్ పెట్టి, వాడటంలో సాయం చేసే పనిని మా రంగంలో ఇంప్లిమెంటేషన్, సపోర్ట్ అంటారు. మీలాంటివారికి ఐటీలోకి వెళ్ళడానికి అన్నిటికంటే తేలికైన గుమ్మం ఇదేనని నా గట్టి నమ్మకం. డెవలపర్ అన్న పేరు కోసం దీన్ని చిన్నచూపు చూడకండి. సపోర్ట్‌లో చేరి రెండేళ్ళలో డేటాబేస్ పనిలోకి మారినవాళ్ళని చూశాను.

రెండోది రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు. మీ షాపు రైతుల సరుకు చివరికి వెళ్ళేది అక్కడికే. దిగుమతయ్యే రొయ్యలు ఎక్కడ పెంచారు, ఎప్పుడు పట్టారు అన్న వివరాలు అమెరికా 2018 డిసెంబరు 31 నుంచి అడుగుతోంది. యూరప్ వాళ్ళ యాంటీబయాటిక్ పరీక్షలు సరేసరి. అంటే చెరువు నుంచి కంటైనర్ దాకా ప్రతి లాటుకీ రికార్డు ఉండాలి, కొనుగోలుదారు అడిగిన రోజు తీసి చూపించాలి. ప్లాంటులో ఈ రికార్డులు చూసేవాళ్ళకి కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) అంటే ఏమిటో, పట్టుబడి ఎలా జరుగుతుందో తెలిసిన మనిషి, పైగా ఎస్‌క్యూఎల్ వచ్చిన మనిషి వస్తే బంగారం. హెచ్‌ఆర్‌కి రెజ్యూమే పంపకండి, అక్కడే ఆగిపోతుంది. క్వాలిటీ విభాగం వాళ్ళనో, ఐటీ చూసే ఒకరిద్దరినో పట్టుకోండి. మీ షాపుకి వచ్చే మేత కంపెనీ టెక్నీషియన్లకి వాళ్ళు తప్పకుండా తెలిసి ఉంటారు.

ఆస్పత్రులు, ఆడిటర్ల ఆఫీసులు కూడా ఉన్నాయి. కానీ మీ అనుభవానికి దగ్గరైనవి పై రెండే కాబట్టి వాటిని ముందు చూడండి.

కాకినాడలో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ ఎస్‌టీపీఐ కేంద్రం ఉంది, సైయెంట్ లాంటి పెద్ద కంపెనీ ఆఫీసూ ఉంది. రాజమండ్రిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ శాఖ వచ్చింది. 2025 ఆగస్టులో అమరావతి కేంద్రంగా మొదలైన ఆ హబ్‌కి ఉన్న ఐదు శాఖల్లో అదొకటి. కొత్తగా కంపెనీ పెట్టినవాళ్ళని కలవడానికి అలాంటిచోట్లు పనికొస్తాయి. భీమవరం నుంచి రోజూ కాకినాడ వెళ్ళి రావడం మీ ఇంటి పరిస్థితుల్లో కుదిరే పని కాదు, కాబట్టి వీటిని పరిచయాల కోసం ఎప్పుడైనా ఒకసారి వెళ్ళే చోట్లుగానే పెట్టుకోండి.

ప్రభుత్వ పథకాల గురించి మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి చెబుతున్నాను. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024 అక్టోబరులో నెలకి 5,000తో మొదలైంది. అప్పుడు దాన్ని 21 నుంచి 24 ఏళ్ళలోపు, పూర్తికాలం ఉద్యోగం లేనివాళ్ళ కోసం పెట్టారు. మీ వయసుకి, మీ పరిస్థితికి అది సరిపడదు. దాని వెనక తిరిగి టైం పోగొట్టుకోకండి.

ఇంట్లో కూర్చుని చేసేవాటిలో నాకు నిజంగా నచ్చేది గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్. ఓపెన్ సోర్స్, అంటే కోడు అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్లు చేసే సంస్థలతో కలిసి పని నేర్పే కార్యక్రమం అది. చాలామంది అది విద్యార్థులకే అనుకుంటారు. 2022 నుంచి 18 ఏళ్ళు నిండి, ఓపెన్ సోర్స్‌కి కొత్తయిన ఎవరికైనా తెరిచారు. 2024 నుంచి 90 గంటల చిన్న ప్రాజెక్టులు కూడా పెట్టారు. సీనియర్ మీ కోడు చదివి సరిదిద్దుతాడు, స్టైపెండూ ఇస్తారు. పోటీ ఎక్కువ, ఇంగ్లీషులో రాసి ఒప్పించాలి, ఎంచుకున్న సంస్థకి నెలల ముందు నుంచే చిన్న చిన్న సవరణలు పంపుతూ ఉండాలి. ఈ ఏడాదికి కాదు గానీ వచ్చే ఏడాదికి మనసులో పెట్టుకోండి. అవుట్‌రీచీ అని ఇంకొకటి ఉంది, మంచిదే గానీ వారానికి 30 గంటలు కావాలి. ఉద్యోగం చేస్తూ మీకు కుదరదు.

అడిగే టైం కూడా చూసుకోండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాలేజీ పిల్లలు గుంపులుగా వస్తారు, ఆ రోజుల్లో ఎవరు అడిగినా చిన్న ఆఫీసుల వాళ్ళు విసుక్కుంటారు. వర్షాకాలం మధ్యలో వెళ్ళండి. ఇలా ఒక మెసేజ్ పెట్టండి, తెలుగులోనే:

"నమస్కారమండి. నేను భీమవరంలో మేత డీలర్ దగ్గర ఎనిమిదేళ్ళుగా అకౌంట్స్ చూస్తున్నాను. రోజూ మీ సాఫ్ట్‌వేర్‌లోనే పని చేస్తాను. రైతుల బాకీలు చెరువు వయసు ప్రకారం విడదీసి చూపించే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. మీ సపోర్ట్ టీంతో మూడు నెలలు, సాయంత్రాలూ ఆదివారాలూ, పని నేర్చుకోవాలని ఉంది. పది నిమిషాలు టైం ఇస్తే ఆ ప్రోగ్రాం చూపిస్తాను. మీ దగ్గర కుదరకపోతే ఎవరిని అడిగితే బాగుంటుందో చెప్పినా చాలండి."

ఆ చివరి వాక్యం తీసేయకండి. మన ఊళ్ళలో పనులు ఒకరి నుంచి ఒకరికి మాట అందితేనే అవుతాయి. మీకు కాదన్నవాళ్ళే తణుకులోనో పాలకొల్లులోనో ఉన్న తమ స్నేహితుడి నంబరు ఇస్తారు.

ఒప్పుకున్నాక మొహమాటపడకుండా మాట్లాడుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, వారానికి ఎన్ని గంటలు, ఏ పని, ఎవరు చూస్తారు. ఇవి ఒక మెయిల్‌లో రాసుకోండి. స్టైపెండ్ ఇస్తే సంతోషం. మొదటి మూడు నెలలు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, మీ చేతి నుంచి మాత్రం రూపాయి పోకూడదు. మూడు నెలలు దాటి ఊరికే చేయకండి. అప్పటికి మీ పని వాళ్ళకి ఉపయోగపడుతుంటే దానికి డబ్బు ఇవ్వాలి, ఉపయోగపడకపోతే మీరు వేరే చోటు చూసుకోవాలి. నాలుగు వారాలు గడిచినా మీ కోడు ఎవరూ తెరిచి చూడకపోతే, డేటా ఎంట్రీ మాత్రమే చేయిస్తుంటే, మర్యాదగా చెప్పి వచ్చేయండి. చివర్లో లెటర్ తీసుకునేటప్పుడు "సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఇంటర్న్" అన్న పెద్ద పేరు కోసం పట్టుబట్టకండి. తేదీలు, చేసిన పని, వాడిన టూల్స్, మీ పని చూసినవారి పేరు, ఆఫీసు ఫోన్ నంబరు ఉంటే చాలు. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే అవతల నుంచి "అవునండి, మా దగ్గర చేశారు" అనే గొంతు వినపడాలి.

చాట్‌జీపీటీ లాంటివి వాడొచ్చా అని కూడా అడిగారు. వాడండి. కానీ మీరు వివరించలేని లైను ఒక్కటి కూడా మీ పనిలో ఉంచకండి. ఇంటర్వ్యూలో మొదట వేలు పెట్టేది అక్కడే.

రెజ్యూమేలో ఎనిమిదేళ్ళ లెక్కల పనిని కిందకి తోసేయాలనుకుంటున్నారని రాశారు. వద్దు, అది పైనే ఉండాలి. మీరు ఇరవై రెండేళ్ళ పిల్లలతో పోటీ పడాల్సిన అవసరమే లేదు. అప్పు ఇచ్చిన సరుకు, రాని జమ, నెలాఖరు లెక్క, పట్టుబడి రోజున తూకాల దగ్గర జరిగే గొడవ, ఇవన్నీ వాళ్ళకి తెలియవు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లు, అప్పుల వసూలు యాప్‌లు, వ్యాపారం పనులన్నీ ఒకేచోట చూసే ఈఆర్‌పీ ప్యాకేజీలు చేసే కంపెనీలు సపోర్ట్, టెస్టింగ్, డేటా అనలిస్ట్ పనులకి ఇలాంటివి తెలిసినవారి కోసమే చూస్తాయి. వాటిలో కొన్ని ఇంటి నుంచి పని చేయనిస్తాయి కూడా.

ఆఖరిగా, మీ యజమానికి ఈ విషయం దాచకండి. భీమవరం చిన్న ఊరు, మూడో మనిషి నోటి నుంచి వింటే ఆయన మనసు కష్టపెట్టుకుంటారు. ఆ బాకీల రిపోర్టు చూపించిన రోజునే, నేను ఈ పని నేర్చుకుంటున్నాను, సాయంత్రాలు బయట ఒకరి దగ్గర మెళకువలు తెలుసుకుంటాను, షాపు పనికి లోటు రానివ్వను అని చెప్పండి. షాపు డేటా బయటికి పోదని కూడా మీరే ముందు చెప్పండి. పట్టుబడులు జోరుగా సాగే నెలల్లో ఇంటర్న్‌షిప్ మొదలుపెట్టుకోకండి, వసూళ్ళ ఒత్తిడిలో రెండూ దెబ్బతింటాయి. చేతికి కొత్త ఆఫర్ లెటర్ వచ్చి, జీతం, చేరే తేదీ రాతపూర్వకంగా ఖాయమయ్యేదాకా షాపు ఉద్యోగం మానకండి. మానేటప్పుడు నెల ముందు చెప్పి, మీ తర్వాత వచ్చేవారికి లెక్కలన్నీ అప్పగించి, రిలీవింగ్ లెటర్ తీసుకోండి. పీఎఫ్ ఉంటే అందులో ఉద్యోగం మానిన తేదీ ఎక్కించారో లేదో చూసుకోండి. అది ఎక్కించకపోతే కొత్త కంపెనీలో వెరిఫికేషన్ దగ్గర ఇబ్బంది వస్తుంది.